ఆషాఢం సారెలో గుర్రపు డెక్క

ఆషాఢం వచ్చిందని కొత్త పెళ్ళికూతురు సునీల పుట్టింటికి వచ్చింది. కూతురు వచ్చినందుకు మురిసిపోవాలో, నారుమడి ఎండిపోతున్నందుకు ఏడవాలో కోటిరత్నానికి పాలుపోలేదు. రేపల్లె వైపు పెద్ద కాలువ నిండుగా పారుతోంది. పెనుమూడి దగ్గరున్న ఆవిడ మడికి మాత్రం చుక్క నీరు చేరలేదు. ఇంకొన్నాళ్ళు ఇలాగే ఉంటే నారు చస్తుంది, ఈ ఏటికి ఊడ్పులు లేనట్టే.

కారణం అందరికీ తెలుసు, గుర్రపు డెక్క. ఏ దేశం నుంచి వచ్చిందో గానీ మన పిల్లకాలువలను సొంత ఇల్లు చేసుకుంది. ఊదారంగు పూలతో చూడముచ్చటగా ఉంటుంది, అదే దాని మాయ! ఒక మొక్క పక్కన పిలక వేస్తుంది, ఆ పిలక మరో పిలక వేస్తుంది, చూస్తుండగానే నీళ్ళు కనపడకుండా కప్పేస్తుంది. అడుగున చీకటి. గాలాడక చేపలు పోయాయి, చేపల్లేక కొంగలు రావడం మానేశాయి. దోమలకు మాత్రం పండగే.

దీనికి మనవాళ్ళు కనిపెట్టిన వైద్యం మరీ గొప్పది. వెదురుగడలతో కిందూరికి తోసేయడం! పైఊరు వీళ్ళకు తోస్తే, వీళ్ళు కిందూరికి తోస్తారు. ఆ తోపులాటలో విరిగిన తునకలు ఎక్కడికక్కడ మళ్ళీ వేళ్ళు దింపుతాయి. తోసినకొద్దీ పెరగక ఏం చేస్తుంది!

పైఊళ్ళో గడలు పట్టించే పెద్దమనిషి నాగమల్లేశ్వరరావు స్వయానా సునీల మామగారు. నిలదీస్తే శ్రావణంలో పిల్ల కాపురానికి వెళ్ళాల్సిన ఇల్లాయె. ఊరుకుంటే నారు దక్కదు.

"అమ్మా, సారె ఎప్పుడు పంపుతావే? మా అత్తగారు ఊళ్ళో అందరికీ చెప్పేసుకున్నారు," అంది సునీల.

కోటిరత్నం కాలువ వంక చూసింది. ఆవిడ ముఖంలో నవ్వు పుట్టింది. "పంపుతానే. ఈసారి ఇంకాస్త ఘనంగా పంపుతా."

తెల్లారి మేళంతో సారె బయలుదేరింది. అత్తాకోడళ్ళు ఈ నెలలో ఒకే గడప దాటకూడదు గనుక సునీల ఇంట్లోనే ఉండిపోయింది. ముందు తెనాలి నుంచి తెప్పించిన మిఠాయిలు, చీరలు. వెనక పట్టా కప్పిన ట్రాక్టరు. పైఊళ్ళో జనం అరుగుల మీదికి వచ్చేశారు.

నాగమల్లేశ్వరరావు మీసం సవరించుకున్నారు. "ట్రాక్టరు నిండా ఏం తెచ్చారు చెల్లెమ్మా?"

"మీరు పంపిందేనండి అన్నయ్యగారూ," అంటూ కోటిరత్నం పట్టా లాగేసింది.

ట్రాక్టరు నిండా గుర్రపు డెక్క. పూలతో సహా.

"మీరు రోజూ పంపుతుంటే మేము ఉత్త చేతులతో వస్తే బాగుంటుందా అండి? ఇంటింటికీ పంచుకోండి."

మేళం ఆగిపోయింది. అనవసరంగా పిల్ల కాపురంతో ఆటలాడానా అనుకుంది కోటిరత్నం.

నాగమల్లేశ్వరరావు ముఖం కందగడ్డ అయింది. "మరి మీరు కిందూరికి తోయలేదేంటి?"

"తోశామండి. కిందూళ్ళో మాకు వియ్యంకులు లేరు కాబట్టి ఎవరూ సారె పట్టుకు రాలేదు."

ముందు వియ్యపురాలు పక్కున నవ్వింది. తర్వాత ఊరంతా. ఆఖరికి ఆయన కూడా పొట్ట పట్టుకుని నవ్వి, "మీ సారె మాకు బాగా అరిగింది చెల్లెమ్మా. పదండి," అని పంచె ఎగ్గట్టారు.

రెండూళ్ళవాళ్ళు కాలువలో దిగారు. ఈసారి గడలు లేవు, చేతులే. వేళ్ళతో సహా లాగి, వాన పడితే జారి మళ్ళీ నీళ్ళలో పడకుండా గట్టుకు దూరంగా బీడులో కుప్పలు వేశారు. ఎండి మాగితే పొలాలకు ఎరువవుతుందని పంచుకోవడానికి అప్పుడే పోట్లాట మొదలైంది. మిఠాయిలు గట్టు మీదే అయిపోయాయి.

ఆ వారంలోనే కోటిరత్నం మడిలోకి నీళ్ళొచ్చాయి. పసుపు తిరిగిన నారు తలెత్తింది. ఆవిడకు ఏడుపొచ్చింది, ఆనందంతో. గట్టు మీద ఒక కొంగ కూడా వాలింది.

అంతలో పైనుంచి ఒక్క డెక్క మొక్క తేలుతూ వచ్చింది, నెత్తిన పువ్వుతో. అలవాటు చొప్పున కోటిరత్నం చెయ్యి వెదురుగడ మీదికి వెళ్ళింది. గడ వదిలేసి, చీర ఎగదోపుకుని నీళ్ళలో దిగి, దాన్ని వేళ్ళతో సహా ఎత్తి బీడులో పడేసి వచ్చింది.

"ఏమ్మా, కిందూరికి సారె పంపవా?" నవ్వింది సునీల.

"పంపుతున్నాగా," అంది కోటిరత్నం, తేటగా కిందికి పారుతున్న నీళ్ళు చూపిస్తూ.