మీ ఇంట్లో ఎవరికైనా ఉందా?

జుట్టు సగం దువ్వి ఉండగానే జ్ఞానమణి తల పక్కకు లాక్కుంది. "మెల్లగా దువ్వు మా. వాళ్లకు వినపడతాది" అంది.

తల్లి ప్రసన్నకుమారి దువ్వెన ఆపింది. ఎవరికి అని అడగలేదు. పదో తరగతి పరీక్షలు దగ్గరపడుతున్నాయి. బడిలో అందరూ తన మనసులో మాటలు వింటున్నారని, ఎవరూ లేనిచోట గొంతు వినపడుతోందని కూతురు రెండు నెలలుగా చెబుతూనే ఉంది. అన్నం ముద్ద చేతిలో పట్టుకొని తినడం మరిచిపోతోంది.

కారణం ఇంట్లో అందరికీ తెలుసు: తల్లే. ప్రసన్న అంగన్‌వాడీ టీచరు. "ఊర్లో పిల్లోళ్ల ముక్కులు తుడిచేదానికి పోయి సొంత పిల్లను గాలికొదిలేసినావు" అన్నాడు మంగంపేట ముగ్గురాయి గనుల్లో టిప్పరు తోలే భర్త వసంతకుమార్. అత్త జీవమ్మ దయ్యమని తేల్చి, మనవరాలి చేత మూడు శుక్రవారాలు ఉపవాసం చేయించింది. పిల్ల కళ్లు తిరిగి పడితే, ప్రభువు మీద తల్లికి విశ్వాసం చాలలేదంది. ప్రసన్న ఐదింటికే లేచి నీళ్లు పట్టేది, వండేది, సెంటరుకు పోయేది, వచ్చి బట్టలుతికేది. ఏ పని మీదున్నా చెవి మాత్రం కూతురి వైపే. ఒకటి పూర్తికాకముందే ఇంకోటి మొదలుపెట్టేది. ఒకచోట కూర్చుంటే ఏం ముంచుకొస్తుందోనని భయం.

చివరికి ఆమే సెలవు పెట్టి పిల్లను కడపలో మనోవైద్యురాలి దగ్గరకు తీసుకుపోయింది. డాక్టరు ముందు ఈమె ఏం వాగుతుందోనని వసంతకుమార్ కూడా వెంట వచ్చాడు.

డాక్టరు శ్రీదేవి పిల్లతో గంటసేపు మాట్లాడి, తర్వాత ముగ్గురినీ కూర్చోబెట్టింది. మెదడులో ఒక భాగం మరో భాగంతో ఎప్పుడూ కబురు నడుపుతూనే ఉంటుందని, ఈ వయసులో ఆ దారులు కొన్ని పోయి కొన్ని గట్టిపడతాయని, కొందరిలో ఆ పొత్తు సరిగా కుదరక సొంత ఆలోచనే బయటి గొంతులా వినపడవచ్చని చెప్పింది. ఇప్పుడే జబ్బు అనలేమంది, వచ్చే ప్రమాదం మాత్రం ఉందంది. నెలనెలా చూపిస్తూ, కంటినిండా నిద్రపోనిస్తూ, ఇంట్లో తిట్లు లేకుండా చూసుకుంటే చాలామంది నిలదొక్కుకుంటారట. ఇది ఎవరి తప్పూ కాదట. ఆ మాట ప్రసన్నతో అంతవరకూ ఎవరూ అనలేదు.

"మీ ఇంట్లో ఎవరికైనా ఇలా ఉందా?"

"ఎవురికీ లేదు మేడం. మాది మర్యాదస్తుల ఇల్లు" అన్నాడు వసంతకుమార్.

ప్రసన్న కొంగు వేలికి చుట్టుకుంది, విప్పింది, మళ్లీ చుట్టుకుంది. ఆమెకు పదహారేళ్లప్పుడు, వానల్లేక అమ్మానాన్నలు సొంతూరు కోసిగి నుంచి పనులకు వలసపోయిన ఏడాది, గోడ అవతల నుంచి ఒక గొంతు ఆమెను పేరు పెట్టి పిలిచేది. నాలుగు నెలలు పిలిచింది. ఎందుకొచ్చిందో, ఎందుకు పోయిందో తెలియదు. మరుసటేడు పెళ్లయింది. అప్పటినుంచి ఆ నాలుగు నెలల్నీ లోపలే దిగమింగుకొని బతికింది. ఇప్పుడు చెబితే సాయంత్రానికి జీవమ్మకు, ఆదివారానికి చర్చికి చేరుతుంది. పిచ్చిదాని చేతికి అంగన్‌వాడీ పిల్లల్నెట్లా ఇచ్చారని ఎవరో ఒకరు అర్జీ పెడతారు. అంతా తల్లి రక్తమేనని చచ్చేదాకా వినాలి. పక్కన జ్ఞానమణి గోళ్లు కొరుక్కుంటూ నేలకేసి చూస్తోంది, లోకంలో తనొక్కతికే ఇట్లా అయిందన్నట్టు.

"నాకుండె మేడం" అంది ప్రసన్న. "ఈ పిల్ల వయసులో."

వసంతకుమార్ కుర్చీ వెనక్కి తోసి బయటకు పోయాడు. జ్ఞానమణి తలెత్తి, ఎన్నో రోజుల తర్వాత తల్లి ముఖంలోకి సూటిగా చూసింది.

"ఆ గొంతు నీతో ఏమంటాండె మా?"

ప్రసన్న తలుపు వైపు చూడలేదు. కుర్చీ కూతురి దగ్గరకు జరుపుకొని, మొదటి రోజు నుంచి చెప్పసాగింది.