స్లో స్క్రూ

నర్సవ్వను చంపింది ఆమె తమ్ముడు ఐలయ్య. ఇందులో వాదించడానికి ఏమీ లేదు. ఛాతీలో నొప్పి అన్న అక్కను, తాను చెడగొట్టుకున్న బండిలో దవాఖానకు బయలుదేరదీశాడు. బండి ఎర్రగడ్డ సిగ్నల్ దగ్గర ఆగిపోయింది. నర్సవ్వ వెనక సీటులోనే పోయింది.

నర్సవ్వ భర్త సాయిలు ఈ సంగతి గుర్తు చేసుకోడు. రోజూ పొద్దున బోరబండలో రైలెక్కి హఫీజ్‌పేటలో దిగేలోపు అదే వచ్చి పోతుంది. షెడ్డుకు చేరేసరికి మనసులో ఏమీ ఉండదు. చొక్కా విప్పి మేకుకు తగిలిస్తాడు. నూనె మరకల అంగీ వేసుకుంటాడు. నిన్నటి ప్లగ్గులు పెట్రోలులో నానబెట్టి, ఇత్తడి బ్రష్షుతో ఒక్కొక్కటే రుద్దుతాడు. వేళ్ల సందుల్లో నలుపు ఎప్పుడో చర్మంలో కలిసిపోయింది. కుడి బొటనవేలి గోరు పుట్టినప్పటి ఆకారంలో లేదు. షెడ్డు రేకుల మీదుగా చూస్తే దూరాన అద్దాల మేడలు కనిపిస్తాయి. అతడు అటు చూడడు. ఎండ పొడ కళ్లలో కొడుతుంది.

"కాకా, లెవ్వు. నల్లగండ్ల సార్ బండి వచ్చింది," అన్నాడు షెడ్డు యజమాని కుమార్. "తోలుకొచ్చింది మీ బామ్మర్ది. జర పండ్లు లోపల పెట్టుకో."

బ్రష్షు ఆగింది.

"వేరేటోనికి ఇయ్యి."

"ఎవనికిద్దు? ఇంజక్షన్ బండ్ల పని నాకే వస్తే నిన్నెందుకు పెట్టుకుంట?"

ఎర్ర బండి. రెండే తలుపులు, నేలకు ఆనుకున్నంత కిందికి ఉంటుంది. జపాన్ నుంచి ఎప్పుడో దిగింది. రంగు ఎండకు వెలిసినా సీట్లు మాత్రం వెన్నలాగా తెల్లగా ఉన్నాయి. ఇంజన్ నడుస్తోంది. నిలబెట్టిన బండి ఒక్కతీరుగా ఊపిరి తీయాలి. ఇది ఆయాసపడుతోంది. చప్పుడు పైకి లేచి, కిందికి జారి, మళ్లీ లేస్తోంది. మీటరు ముల్లు ఊయల ఊగినట్టు ఊగుతోంది.

పక్కన ఐలయ్య నిలబడి ఉన్నాడు. తెల్ల డ్రైవరు చొక్కా, నెరిసిన మీసం. మనిషి సగమయ్యాడు. నర్సవ్వ పోయిన తరువాత బావాబామ్మర్దులు ఒక్క మాట మాట్లాడుకోలేదు. దినాల నాడు కూడా సాయిలు అతణ్ణి గడప తొక్కనివ్వలేదు. వాడికి పానా పట్టడం నేర్పింది తనే. పెళ్లి చేసింది తనే. అదంతా ఎర్రగడ్డ సిగ్నల్ దగ్గర ముగిసింది.

"సిగ్నల్ కాడ ఊగుతది. పోతుంటే మంచిగనే ఉంటది," అని ఐలయ్య కుమార్‌కు చెప్పాడు.

"ఎప్పటి సంది అడుగు," అని సాయిలు కుమార్‌కే చెప్పాడు.

"నేనేమన్న ఢిల్లీ నుంచొచ్చిన దుబాసీనా? ఇద్దరు సిద్దిపేటోళ్లే కద!" కుమార్ నవ్వాడు. వాళ్లు నవ్వలేదు.

అంతలో కుమార్ ఫోన్ మోగింది. బండి యజమాని రంగనాథ్, కడప మనిషి. కుమార్ స్పీకరు పెట్టాడు.

"కుమారూ, నా బండిలో ఎవుడో చెయ్యి పెట్టినాడబ్బా. పోయిన వారం ఇట్ల లేదు. మీ సాయిలు చూస్తే తెలిసిపోతాది. ఎవుడైందీ ఆయప్పనే చెప్పమను. వాడు ఎవుడైనా సరే, ఈ పొద్దే పంపిచ్చేస్తా."

ఐలయ్య విన్నాడు. అతడూ భార్యా ఉండేది రంగనాథ్ ఇంటి వెనక గదిలో. పని పోతే గదీ పోతుంది. ఈ వయసులో ఇంకొకరు ఇవ్వరు.

సాయిలు బానెట్ ఎత్తాడు.

గాలి ఎక్కడో దొంగతనంగా లోపలికి పోతోంది. అది వినగానే తెలిసింది. ఎక్కడన్నదే వెతకాలి. పెట్రోలు పైపులన్నీ వేలితో తడిమి, తడి లేదని చూసుకున్నాడు. ఊదుబత్తి వెలిగించాడు.

"ఓ కాకా, పెట్రోల్ బండి! నువ్వు కాలితె కాలు, నా షెడ్డునెందుకు కాలుస్తవ్?" అంటూనే కుమార్ నిప్పునార్పే డబ్బా తెచ్చి పక్కన నిలబడ్డాడు.

సాయిలు ఊదుబత్తిని పైపుల వెంట మెల్లగా నడిపించాడు. పొగ నిటారుగా లేస్తోంది. మొదటి మలుపు, రెండో మలుపు. చెమట ముక్కు కొసన నిలిచింది. ఇంజన్ వెనక, చెయ్యి దూరని చోట, పొగ ఒక్కసారి వంగింది. సన్నని దారమై రబ్బరు గొట్టం కిందికి దూరిపోయింది. అక్కడ వేలు పెట్టి మూశాడు. చప్పుడు మారింది. తీశాడు. మళ్లీ ఊగింది.

"గొట్టం పలిగింది. దీని సైజుది పట్టుకరా."

కుమార్ ఊదుబత్తిని తానే నీళ్లలో ముంచి ఆర్పి, బైకు తీశాడు.

అప్పుడు సాయిలు టార్చి వేసి గాలి ద్వారం పక్కన చూశాడు. అక్కడ ఒక చిన్న స్క్రూ ఉంటుంది. తయారైన చోటే దాన్ని బిగించి, పైన పసుపు రంగు చుక్క పెడతారు. ముట్టుకోవద్దని అర్థం. చుక్క పగిలి ఉంది. స్క్రూ తలమీద కొత్త గీత మెరుస్తోంది.

వెనక్కి తిరిగి చూడనక్కరలేదు. అది ఎవరి చెయ్యో అతనికి తెలుసు. కార్బొరేటర్ల కాలంలో పని నేర్చిన వాళ్ల చెయ్యి. ఇంజన్ ఊగితే, నిలబడ్డప్పటి వేగాన్ని పెంచే స్లో స్క్రూ తిప్పడం, చప్పుడు పెంచడం, అంతే. ఆ బళ్లు స్క్రూ మాట వినేవి. పెట్రోలు కంప్యూటరే కొలిచి చిమ్మే ఇంజక్షన్ బళ్లకు వేరే మెదడు ఉంటుంది. అప్పుడు కూడా ఐలయ్య ఇదే చేశాడు. నర్సవ్వ పోవడానికి వారం ముందు, "నేనే స్క్రూ తిప్పి సరిచేసుకున్న బావా," అన్నాడు. తీసుకురమ్మంటే తేలేదు. అదీ ఇంజక్షన్ బండే. అదీ ఇలాగే ఊగేది.

ఇప్పుడు చేతికి దొరికాడు. రంగనాథ్‌కు ఒక్క మాట చాలు.

కానీ మాట కంటే ముందు అతనికి ఇంకొకటి కావాలి. ఈ బండి ఐలయ్య కళ్ల ముందు ఆరిపోవాలి. తిప్పిన స్క్రూతో, ఊగి ఊగి, సిగ్నల్ దగ్గర ఆగినట్టు ఆగాలి. వాడు చూడాలి.

బండిలో కూర్చున్నాడు. లైట్లన్నీ వేశాడు. ఏసీ పెట్టాడు. ఇంజన్ కుంగింది. ముల్లు కిందికి జారింది. సాయిలు పళ్లు బిగించాడు. ముల్లు మళ్లీ పైకి లేచింది. స్టీరింగు కొసదాకా తిప్పి పట్టుకున్నాడు. బండి వణికింది, మూలిగింది, లేచింది. వెనక అద్దం వేడిచేసే బటన్ కూడా నొక్కాడు. బరువు వేసిన కొద్దీ కుంగుతుంది. కుంగిన ప్రతిసారీ తిప్పిన స్క్రూ గాలి అందిస్తుంది. లేస్తుంది. ఊగుతుంది తప్ప ఆరదు.

ఆరదు.

సాయిలు చేతులు స్టీరింగు మీదే ఉండిపోయాయి. స్క్రూ తిప్పాడన్నది తెలుసు. బండి ఆగిందన్నది తెలుసు. ఆ రెండూ పొసగవని, ఇన్నేళ్లలో పక్కపక్కన పెట్టి చూడలేదు. తన పనే అది. అయినా చూడలేదు.

తాళం తిప్పి బంద్ చేశాడు. షెడ్డు నిశ్శబ్దమయింది.

"ఐలయ్యా."

స్టూలు మీద తువ్వాల పరుచుకుని కూర్చున్న ఐలయ్య తల ఎత్తాడు.

"ఆ దినం నీ బండి ఆగలే."

ఐలయ్య రోడ్డు మీద నీళ్ల ట్యాంకరు పోయేదాకా ఆగాడు.

"ఆగలే బావా."

"మరి?"

"అక్క మోతీనగర్ దాటంగనే పోయింది. పిలిస్తే పలకలే. ఇంక ఎటు తోలాలె? సిగ్నల్ పక్కకు పెట్టి నేనే బంద్ చేసిన. కుమార్‌కు ఫోన్ చేస్తే నువ్వు ఆయన బండి మీద వచ్చినవ్. వచ్చి రాంగనే బండి ఆగిందా అని అడిగినవ్." ఐలయ్య చొక్కా అంచు చూసుకున్నాడు. "అవునన్న."

"ఎందుకన్నవ్?"

"విడిచిపెట్టు బావా."

"ఎందుకన్నవ్ రా?"

"పొద్దుగాల సంది నీకే ఫోన్ చేసింది. నువ్వొస్తవని గడపల కూసుంది. మధ్యాహ్నం దాటినంక నాకు చేసింది." గొంతు తగ్గించాడు. "బండి అయితే నన్ను తిడతవ్. నాకేమైతది? తిట్టించుకుంట."

ఆ రోజు సాయిలు ఒక బండి కింద పడుకుని ఉన్నాడు. ఫోన్ చార్జింగు అయిపోయి, మేకుకు తగిలించిన చొక్కా జేబులో చచ్చి ఉంది. సాయంత్రం దాకా దాన్ని తీసి చూడలేదు. తరువాత ఎవరూ అడగలేదు. అతడూ తనను తాను అడగలేదు. అడగవలసిన అవసరం లేకుండా ఐలయ్య ఉన్నాడు.

సాయిలు దిగాడు. స్క్రూడ్రైవర్ తీసుకుని స్క్రూను పాత జాడ దాకా వెనక్కి తిప్పాడు. కుమార్ తిరిగొచ్చి ఇచ్చిన కొత్త గొట్టం బిగించాడు. బండి వేశాడు. ముల్లు ఒకచోట నిలబడింది. చప్పుడు సన్నగా, ఒక్కతీరుగా ఉంది. షెడ్డు మూలన ఉన్న పసుపు రంగు డబ్బా మూత తెరిచి, అగ్గిపుల్ల ముంచి, స్క్రూ తల మీద చుక్క పెట్టాడు. ఆరేదాకా ఊదాడు.

కుమార్ చూశాడు. చూసి, రోడ్డు వైపు తిరిగి నిలబడ్డాడు.

రంగనాథ్ ఫోన్ వచ్చింది. "ఎవుడంటావు సాయిలూ?"

"చెయ్యేం లేదు సార్. రబ్బరు పాతవడి పలిగింది."

"నిజమేనా?"

"నా నోటితోని చెప్తున్న కద సార్."

ఐలయ్య బండిలో కూర్చున్నాడు. తలుపు వెయ్యలేదు. "బావా," అన్నాడు. సాయిలు ప్లగ్గుల డబ్బా దగ్గరికి పోయి, వీపు పెట్టి కూర్చుని బ్రష్షు అందుకున్నాడు. కొంతసేపటికి తలుపు పడింది. ఎర్ర బండి గేటు దగ్గర ఆగి, తొణక్కుండా నిలబడి, దారి దొరకగానే వెళ్లిపోయింది.

"ఏమన్నడు కాకా?" అన్నాడు కుమార్. "ఇన్నేండ్లకు నోరు తెరిచిండు. అక్క ముచ్చటేనా?"

"పని చూసుకో."

"చెప్పరాదు. నేను గూడ ఆ దినం ఆడనే ఉంటి."

సాయిలు ప్లగ్గును వెలుతురుకు పట్టి చూశాడు. అది శుభ్రంగానే ఉంది. మళ్లీ రుద్దాడు.

"ఆ ముచ్చట ఇగ ఎన్నడు నా ముంగట ఎత్తకు. నేనెత్త. ఎవనికి చెప్ప. సచ్చేదాంక చెప్ప."

తెల్ల సీట్లకు గ్రీజు అంటుతుందని ఐలయ్య స్టూలు మీద పరుచుకున్న తువ్వాల అక్కడే ఉండిపోయింది, మనిషి కూర్చున్న ముడతలతో, ఒక అంచు గాలికి లేచి పడుతూ.