నీడ పడని ఉద్యోగం

సాయంత్రమయ్యేసరికి పాతవీధికి ముస్తాబు చెయ్యడం దీపాలక్క ఉద్యోగం. పగలంతా పెచ్చులూడి, వయసు దాచుకోలేక నిలబడ్డ మేడలు, కింది నుంచి ఆమె పసుపు వెలుగు పట్టగానే ఫొటోకి నిలబడ్డట్టు సర్దుకునేవి. ఏ స్తంభానికి ఎంత వెలుగు, ఏ పగులుకి ఎంత చీకటి అన్నది ఆమె మునివేళ్ళకు తెలుసు.

పైగా ఆమెకు నీడ లేదు. గడియారాలు బాగుచేసే భర్త పోయిన మర్నాటి నుంచి అది కనిపించడం మానేసింది. ఎవరూ దాన్ని పెద్ద విషయం చెయ్యలేదు. ఆఫీసువాళ్ళయితే సంతోషించారు. మిగతావాళ్ళు దీపం మర తిప్పి, తమ నీడ గోడ మీద పడకుండా పక్కకు పరిగెత్తి చూసి, మళ్ళీ రావాలి. ఈమె దీపానికి ఎదురుగా నిలబడే సరిచేసేస్తుంది.

"నీలాంటి మనిషి దొరకడం మా అదృష్టం అక్కా. ఇవాళ తనిఖీ అవగానే నీ ఉద్యోగం పర్మనెంటు," అన్నాడు ఇంజనీరు.

"సరే," అంది. రెండేళ్ళుగా అన్నిటికీ సరే. టీ చల్లారినా సరే, నాలుక కాలినా సరే.

నిచ్చెన పట్టుకునే పెద్దాయన ఊరుకోడు. "పర్మనెంటంటే పళ్ళు కనిపించాలమ్మాయ్. ఉన్నాయా, నీడతోపాటే పోయాయా?"

"ఉన్నాయి బాబాయ్," అని పళ్ళ డాక్టరుకి చూపించినట్టు చూపించింది.

ప్లానులో పదకొండు మేడలకు దీపాలున్నాయి. మూలనున్న గడియారాల కొట్టుకు లేదు. "అంతటా వెలిగిస్తే వీధికి ముఖమెక్కడిదక్కా, సంతయిపోతుంది. అక్కడ చీకటే అందం," అన్నాడు ఇంజనీరు. దానికీ సరే అంది. రెండేళ్ళుగా తనూ అటు తొంగిచూడలేదు.

తనిఖీకి పెద్ద అధికారి వచ్చాడు. రోజూ అరచుట్టు తిప్పే మరని, అందరూ చూస్తున్నారని ఆమె పూర్తిగా ఒక చుట్టు తిప్పింది. దీపం తల వాల్చేసింది. వెలుగు జారి, వీధి దాటి, సరాసరి కొట్టు షట్టరు మీద పడింది.

షట్టరు ముందు మెట్టు మీద ఆమె నీడ కూర్చుని ఉంది. మోకాళ్ళు దగ్గరికి లాక్కుని, ఎవరో వచ్చి తలుపు తీస్తారన్నట్టు.

"ఓహో, ఇక్కడుందా!" అన్నాడు బాబాయి, పోయిన గొడుగు దొరికినట్టు.

"దీపం ఎత్తక్కా, ఆయన చూస్తున్నాడు," అని ఇంజనీరు గొణిగాడు. ఎత్తితే నీడ మళ్ళీ చీకట్లో కలిసిపోతుంది. ఉద్యోగం ఉంటుంది. ఆమె చెయ్యి మర మీదే ఉండిపోయింది.

"ఇంక రాడు," అంది నీడతో. "లే, ఇంటికెళ్దాం."

నీడ లేచి, వీధి దాటి వచ్చి, ఆమె కాళ్ళకు అతుక్కుంది. అప్పుడు దీపాన్ని మేడ మీదికి ఎత్తింది. గోడంతా ఆమే, మూడంతస్తుల ఎత్తున.

"ఎవరమ్మా అది? పక్కకు జరుగు, నీడ పడుతోంది," అన్నాడు అధికారి.

"కదల్లేనండీ. కాళ్ళు తిమ్మిరెక్కాయి. ఇప్పుడిప్పుడే వదులుతోంది."

గోడ మీద, మూడో అంతస్తు దగ్గర, భుజాలు వణకడం మొదలుపెట్టాయి.