ఎత్తు జీపు

నాకు కోపం ఎక్కువ. స్టీరింగ్ విషయంలో మరీ ఎక్కువ. పెనుకొండలో షెడ్డు పెట్టిన పద్దెనిమిదేళ్లలో నా చేత అందరికంటే ఎక్కువ తిట్లు తిన్నవాడు తిరుపాల్.

సోమందేపల్లి వైపు వంకల్లో రాళ్లు తగలకూడదని, తొంభై ఎనిమిదిలో వాడు జనాన్ని తిప్పే తన సర్వీసు జీపుకు చక్రాల మీదుండే కమాన్ల (స్ప్రింగు పట్టీల) కింద ఇనుప దిమ్మెలు పెట్టించి జానెడెత్తు లేపాడు. "ఎత్తు జీపు వస్తాండాది" అని రోడ్డు మీద జనం తిరిగి చూస్తుంటే వాడి కాళ్లు నేల మీద ఆనేవి కావు.

ఒకరోజు షెడ్డుకొచ్చాడు. "సుబ్బన్నా, గుంతలో పడితే స్టీరింగు దానంతటదే పక్కకు లాగుతాండాది. దిష్టేమో!" బంపరుకు అప్పటికే ఏడు నిమ్మకాయలు, ఒక పాత చెప్పు వేలాడుతున్నాయి.

కింద దూరి చూశాను. ఒళ్లు మండింది.

"దిష్టి గాదు, నీ తలకాయ! బండిని లేపినావు, స్టీరింగు నుంచి చక్రానికి పోయే రాడ్డును పట్టించుకోలేదు. అది ఏటవాలుగా నిలబడి, చక్రం ఎగిరినప్పుడల్లా పక్కకు తిప్పేస్తాండాది. దిమ్మెలు తీసేయల్ల. రాడ్డు మళ్లీ సరిచేస్తా."

"దించితే నన్నెవరు చూస్తారన్నా?" అనేసి వెళ్లిపోయాడు. రోజూ పదిహేనుమందిని ఎక్కించుకుని తిరిగాడు. వాళ్లను తలుచుకుంటే నాకు అన్నం సయించలేదు.

వారం తిరక్కముందే ధర్మవరం బస్సు నా షెడ్డు ముందు ఆగింది. కిటికీ పక్కన తిరుపాల్ భార్య ధనలక్ష్మి. ఏడో నెల, పుట్టింటికి పోతోంది. బస్సు వెనకే జీపు ఆగింది. అందులో ఆమె ట్రంకుపెట్టె, నడుపుతూ తిరుపాల్, ఇంకెవరూ లేరు.

పరుగెత్తి జీపు తాళం లాక్కున్నాను. "ఏమబ్బా, ఇంత జీపు పెట్టుకోని పెండ్లాన్ని బస్సెక్కించినావే?"

"కడుపుతో ఉండాది గదన్నా... గుంతలు..."

"మరి రోజూ నీ జీపెక్కేటోళ్లు ఎవరి బిడ్డలప్పా?"

కిటికీలోంచి అంతా వింటున్న ధనలక్ష్మి అడిగింది: "రేపు మన బిడ్డను ఇంటికి తెచ్చేదానికి గూడా బస్సేనా?"

తిరుపాల్ పెట్టెను బస్సులో పెట్టి వచ్చి, తనే జాకీ అందుకున్నాడు. "దించన్నా."

సాయంత్రానికి దిమ్మెలన్నీ తీసేసి, రాడ్డు సరిచేశాను. ఇద్దరం జీపులో బయలుదేరి గుంతలన్నీ వెతికి వెతికి తొక్కించాం. స్టీరింగు ఇటూ అటూ కదల్లేదు. తిరుపాల్ జీపు పక్కకు ఆపాడు.

"ఇన్నాళ్లూ ఎంతమందిని ఎక్కించుకుంటి గదన్నా... ఎవురికీ ఏమీ కాలేదు," అన్నాడు. కళ్ల నిండా నీళ్లు, మొహం నిండా నవ్వు. నాకూ అంతే.