ఫాదర్ గారి ఊసుకి ఉపవాసం

తపస్సుకాలంలో మాంసం మానేసేవాళ్ళు కంకిపాడులో చాలామంది ఉన్నారు. ఈ ఏడు నేను ఫాదర్ గారిని మానేశాను. అంటే, వెనకాల ఆయన్ని నమలడం మానేశాను.

విభూది బుధవారం నుదుటి మీద బూడిద రాలకముందే మా ఆవిడ మార్తకి చెప్పేశాను. ఈస్టరు దాకా ఇన్నయ్య ఫాదర్ గారి గురించి చాటున ఒక్క మాట అనను, అనాల్సి వస్తే ఆయన మొహం మీదే అంటాను.

"మీరా? దానికంటే అన్నం మానెయ్యండి, తేలిక," అంది మార్త.

ఆమె అనుమానంలో న్యాయముంది. ఫ్లెక్సీలు వేసే నాకు అక్షరాలతో ఆడుకోవడం వృత్తి, ఫాదర్ గారితో ఆడుకోవడం ప్రవృత్తి. ఆయన ప్రసంగానికి ప్రసవమని పేరుపెట్టింది నేనే, నొప్పులు వినేవాళ్ళవి గనక. ఇన్నయ్య గారు మైకు పట్టుకోగానే వెనక బెంచీల్లో 'ఎన్నయ్యాయి?' అని గడియారాలు చూసుకోవడం కూడా నా చలవే.

మా అమ్మ సంవత్సరీకం నాడు నా ఉపవాసానికి పరీక్ష వచ్చింది. సాయంత్రం ప్రార్థనకి ఇంటినిండా చుట్టాలు. ఫాదర్ గారు రాలేదు, ఫోనెత్తలేదు. పప్పుచారు చల్లారింది, చుట్టాలు వేడెక్కారు. అంతలో మార్త తమ్ముడు యేసుకుమార్ కబురు తెచ్చాడు. ఫాదర్ గారి బండి ఈడుపుగల్లులో చేపల చెరువుల శౌరయ్య మేడ ముందుందట. నేనూ శౌరయ్యనే గానీ నాకు చెరువుల్లేవు, మేడా లేదు.

ఇక పందిరి కింద నోళ్ళు లేచాయి. మేడ కనపడితే పెంకుటిల్లు గుర్తుండదని ఒకరు, బిషప్ గారి దాకా వెళ్ళాల్సిందేనని ఇంకొకరు.

"నువ్వొకటి వెయ్యి బావా. నువ్వంటేనే తగులుద్ది," అన్నాడు యేసుకుమార్.

నాలుక మీద సరుకు సిద్ధంగానే ఉంది. ఫాదర్ గారి ఆగమనకాలం క్రిస్మస్ ముందు డిసెంబరులోనే గానీ తపస్సుకాలంలో రాదని. (ఇది ఆయనకి వినిపించాకే ఇక్కడ రాస్తున్నాను.) మంచినీళ్ళతో కలిపి మింగేశాను. అమ్మ పేరున చేరిన జనం నోట ప్రార్థన రావాలి, ఫిర్యాదు కాదు. స్కూటరు తీశాను.

మేడలో విందేమీ లేదు. మంచాన పడ్డ శౌరయ్య భార్య పక్కన ఫాదర్ గారు కూర్చుని ఉన్నారు. బయటికి పిలిచాను.

"ఫాదర్ గారండీ, మా అమ్మ ప్రార్థనకొచ్చినవాళ్ళు ఇంకా మీ కోసం కూర్చునే ఉన్నారు. నాకు చాలా కోపంగా ఉంది. ఆ మాట ఇంకెవరితోనూ అనకుండా మీతోనే అందామని వచ్చాను."

ఆయన మొహం పాలిపోయింది. "పదండి. అందరికీ నేనే చెబుతాను," అన్నారు.

మా పందిరి కింద నిలబడి చెప్పారు. పోయిన జూన్‌లో వచ్చిన మనిషి, విచారణలో, అంటే మా చర్చి కిందున్న ఊళ్ళలో, ఎందరు శౌరయ్యలున్నారో తెలీదు. శౌరయ్య గారింట్లో ప్రార్థన అనగానే తనకి తెలిసిన శౌరయ్య ఇంటికి వెళ్ళిపోయారు. మంచాన ఉన్న ఆ తల్లి తన కోసమే వచ్చారనుకుని ఆయన చెయ్యి పట్టుకుని ఏడ్చింది. పొరపాటున వచ్చానని ఆమెతో అనడానికి ఆయనకి నోరు రాలేదు.

అందరూ మెత్తబడ్డారు. యేసుకుమార్ మాత్రం, ఫోనైనా చెయ్యొచ్చుగా అని నా దగ్గర గొణిగాడు.

"నా చెవిలో ఎందుకు? ఎదురుగానే ఉన్నారు, అడుగు."

నన్నోసారి ఎగాదిగా చూసి, నిజంగానే లేచి అడిగాడు.

"చెయ్యాల్సింది. చెయ్యలేదు. తప్పు నాదేనండీ, క్షమించండి," అన్నారు ఫాదర్ గారు.

యేసుకుమార్ తనే కుర్చీ జరిపాడు. "కూర్చోండి ఫాదర్ గారూ. మంచినీళ్ళు తాగి మొదలెట్టండి."