తమ దయవలన

అది భాద్రపదమాసమునందలి యొక యపరాహ్ణము. మూఁడు దినములనుండి కురిసెదఁ గురిసెదనని బెదరించుచుఁ గురియక తిరుగుచున్న నీలమేఘపటలము సూర్యమండలమును మఱుఁగుపఱచినదే కాని యుక్కను మాత్ర మిసుమంతయుఁ దగ్గింపదయ్యెను. ఒక్క యాకునైనఁ గదల్పనొల్లని గాలికి విసిగి మునసబుకోర్టు వసారాయందలి వాదిప్రతివాదిసాక్షిజనసందోహ మంతయుఁ దాటాకు విసనకఱ్ఱలతోఁ దమ్ముఁ దామే విసరుకొనుచుండెను. ఆ సందోహమున నొక స్తంభముచెంతఁ గూర్చుండి లేచుచు లేచి కూర్చుండుచు గోడగడియారమువంకఁ బదిమాఱులు చూచి పదునొకండవమాఱు చూచినందులకుఁ దన్నుఁ దానే కసరుకొనుచున్న యేఁబదియేండ్ల స్త్రీ యొకతె యుండెను. ఆమె పేరు పేరిందేవమ్మ.

ఆమె యద్దకపువారి కోడలు. కలముతో వస్త్రముపై లతావిహంగమయూరములను వ్రాసి రంగు లద్దుట యా యింటివారి వృత్తి. అద్దిన బట్టను బాఱెడు నీటఁ జాడించినఁగాని యెఱుపు విరియదు. బావినీటఁ దడిపినచో మాసి మసకబాఱును. వారి వాడనుండి కాలువకుఁ బోవు దారి భూస్వామియగు జగ్గరాయుఁడుగారి మామిడితోఁట నడుమఁ గలదు. నలువదియేండ్లకుఁ బైఁబడి యెల్లరును నడచిన యా దారి కడ్డముగా నాయన యొకనాఁ డకస్మాత్తుగా గోడ పెట్టించెను. ఆ వాడలోని నాలుగిండ్లలో మూఁడిండ్లవారు కలములు క్రింద పెట్టి కూలికిఁ బోయిరి. పేరిందేవమ్మ యొక్కతెయే తడిబట్టల మూటను నెత్తి కెత్తుకొని యూరంతయుఁ జుట్టి కాలువకుఁ బోవుచు మెడనొప్పితో మంచ మెక్కి మరల లేచినది.

గోడ లేచిన రెండేండ్లలోపల దావా వేయవలయునని చట్టము. ఆ రెండేండ్లు నేఁటితో నిండుచున్నవి. పట్టణమున వకీళ్లు ముగ్గురు గలరు కాని యిద్దఱు జగ్గరాయుఁడుగారి వకాల్తు పుచ్చుకొన్నవారు, మూఁడవవాఁ డాయన వియ్యంకుఁడు. ఇఁక నెవరిని బ్రతిమాలవలయును? ఆమె యేడుదినములు కూర్చుండి బట్టలపై వ్రాయు కలముతోనే దావా యర్జీనిఁ దన చేతులార వ్రాసికొని వచ్చెను.

నాలుగున్నర కావచ్చినపిదప నర్జీలు పుచ్చుకొను శిరస్తాదారు అయ్యలసోమయాజులుగారు ముక్కుపై నిలువని కండ్లజోడును బైకిఁ ద్రోయుచు నామెను బిలిచిరి.

"ఏమమ్మా, వకీలు లేఁడా?"

"లేఁడు బాబూ. ముగ్గురును ఆ గుమ్మమువారే. నా దావా నేనే వేసికొనవచ్చునని విని వచ్చితిని."

ఆయన యర్జీ నందుకొని చదివెను. హద్దులు సరిగానే యున్నవి. ప్రమాణవాక్యము సరిగానే యున్నది. నడుమ నొకచోట నాయన వ్రేలు నిలిచిపోయెను.

"'ప్రతివాదిగారి దయవలన మేమును మా పెద్దలును ఈ దారిని నడచుచుంటిమి.' ఇది నీవు వ్రాసినదేనా?"

"నేనే బాబూ. పెద్దవారినిగూర్చి వ్రాయునప్పుడు మర్యాద తప్పవచ్చునా?"

"ఏమి వ్రాయవలయునో చెప్పుట నా పని కాదు. ఒక్కటి యడిగెదను. దయవలన నడచిన దారిని దయ తప్పిననాఁడు మూసివేసినచో నే న్యాయాధిపతి తెఱపించునమ్మా?"

పేరిందేవమ్మ యా పంక్తిని మరలఁ జదువుకొనెను. పుట్టి బుద్ధెఱిఁగిననాఁటనుండి యా మాట యామె నాలుకపై నున్నది. కులాసాయేనా యన్నఁ దమ దయవలన. వానలు పడినవా యన్నఁ దమ దయవలన. గోడ లేచిన మఱునాఁడు మొఱ పెట్టుకొనఁబోయినప్పుడు సైతము పని సాగుచున్నదా యని జగ్గరాయుఁడుగా రడుగఁగాఁ దమ దయవలన సాగుచున్నదని పలికి తల వంచుకొని తిరిగివచ్చినది! ఆనాఁ డా మాట విని యాయన యేల నవ్వెనో యామె కిప్పుడు తెలిసినది. సిగ్గును గోపమును నొక్కమాఱే ముంచుకొనివచ్చెను. అత్తగా రెన్నఁడైన నాయన ననుమతి యడిగినదా? లేదు. తా నడిగినదా? అదియు లేదు. తెల్లవాఱినఁ జాలు, మూట యెత్తుకొని నడచిరి.

"కొట్టివేయవచ్చునా బాబూ?"

"కొట్టివేసి ప్రక్కను జేవ్రాలు చేయవలయును. అయిదు గంటలకు బల్ల మూయుదును."

నెమలిమెడ వంపును నొక్క గీఁతలో దింపు నా చేయి బల్లపైనున్న కలము నందుకొనెను. 'ప్రతివాదిగారి దయవలన' అను మాటలపై నడ్డముగా గీఁత గీచి పైని 'హక్కుగా' అని వ్రాసి ప్రక్కను జేవ్రాలు చేసెను. రెండవపుటలో మరల నదే మాట, దానినిఁ గొట్టివేసెను. అర్జీ నాయన చేతి కిచ్చి యిచ్చినంతలోనే మరల లాగికొనెను.

"ఇంకొకటి యున్నది బాబూ! కడపట 'కోర్టువారి దయవలన దారి తెఱపింపవలయు' నని వ్రాసితిని. ఇదియుఁ దీసివేయుదునా?"

అయ్యలసోమయాజులుగారు కండ్లజోడు తీసి యామెను జూచిరి. "కోర్టువారు దయ దలఁపనక్కఱలేదమ్మా. విచారించినఁ జాలును."

మూఁడవ గీఁతయుఁ బడెను. ముద్ర పడెను. దావా గెలుచునో యోడునో యెవ్వరెఱుఁగుదురు కాని దానికొక సంఖ్య పడెను. పడిన రెండు నిమిషములకు గంట మ్రోఁగెను.

మెట్లయొద్ద నెదురుగా జగ్గరాయుఁడుగారు బండి దిగుచుండిరి. ఏదో వేఱు వ్యాజ్యముపై వచ్చిన యాయన కింకను నేమియుఁ దెలియదు.

"ఏమే పేరిందేవీ, కోర్టుకు వచ్చితివే? అంతయుఁ గులాసాయేనా?"

ఆమె చేతులు వానియంతట నవియే జోడింపఁబడినవి. ఏఁబదియేండ్ల మాట నాలుకచివఱకు వచ్చినది. ఆమె పెదవులు బిగించి దానిని మ్రింగివైచెను.

"కులాసాయేనండీ" అని మెట్లు దిగి వెడలిపోయెను.

జగ్గరాయుఁడుగారు తక్కిన మాటకై యొక క్షణ మక్కడనే నిలిచియుండిరి.