గడియారం కాచిన జ్వరం

మా చెల్లెలి మొగుడికి చదువుంది గానీ బుద్ధి ఉందని నేనెన్నడూ అనుకోలేదు. నా ఖర్మ కాలి ఇద్దరిదీ ఒకే ల్యాబు, పైగా అక్కడ అతనే నాకు పెద్ద.

మా పని ఎలుక పిల్లలకు జ్వరం తెప్పించడం. గాజు పెట్టెలో పెట్టి వేడి గాలి వదులుతాం. ఒళ్ళు కాగేకొద్దీ వాటికి ఫిట్స్ వస్తాయి, జ్వరం తగిలితే కొందరు పసిపిల్లలకు వచ్చినట్టే. రాగానే తీసి చల్లటి తడిగుడ్డ మీద పడుకోబెడతాం. ఏ మందు వేస్తే ఫిట్స్ రావో చూడటమే మా ప్రయోగం. వేరే జబ్బుకి ఎప్పటినుంచో దుకాణాల్లో అమ్ముతున్న ఒక మందు వేస్తే ఒక్క పిల్లకూ రాలేదని ఈ మరిది ఎగిరి గంతేశాడు.

గంతేయడానికి కారణముంది. అతని కొడుక్కీ జ్వరం తగిలితే ఫిట్స్ వస్తాయి. డాక్టరు రాసిచ్చిన పాత సిరప్‌తో ఫిట్స్ ఆగాయి గానీ, బాబు రోజంతా మగతగా పడి ఉంటాడు. అది మాన్పించి ఈ మందు వేస్తానన్నాడు. ప్రయోగం ఎలా చేశాడో చూశాక నాకు ఒళ్ళు మండిపోయింది.

"గడియారం చూసి కాచావా? అన్నం వండావా, ప్రయోగం చేశావా?"

"అన్నిటికీ ఒకే టైము ఇచ్చాను వదినా. తేడా లేకుండా చూడటమంటే అదే."

"నీ తలకాయ! చూడాల్సింది వాటి ఒంట్లో వేడి. ఈ మందు ఒంటిని చల్లబరుస్తుంది. నువ్విచ్చిన టైములో వాటికి జ్వరమే రాలేదు, ఇక ఫిట్స్ ఎక్కణ్ణుంచి వస్తాయి? పరీక్షే రాయనివాడు ఫెయిల్ కాలేదని స్వీట్లు పంచుతున్నావు."

"పరిశోధన పేపరు మీద నీ పేరు మొదట లేదనే కదా ఈ ఏడుపంతా?"

ఆ సాయంత్రమే చెల్లెలు ఫోన్ చేసింది. "నా కొడుకు కళ్ళు తెరిచి ఆడుకుంటే ఓర్వలేవు నువ్వు. ఇక మా గడప తొక్కకు!" అంది. ఆ తర్వాత నా ఫోన్ ఎత్తడమే మానేసింది.

ఇలా కాదని, ఒకరోజు పొద్దున్నే ల్యాబులో గోడ గడియారం మీద గుడ్డ కప్పేశాను. మందు వేసిన ఎలుక పిల్లకు సన్నటి థర్మామీటరు తీగ అమర్చి, పెట్టెలో పెట్టి మరిదిని పిలిచాను. చాలాసేపు అది మూలమూలా వాసన చూస్తూ తిరిగింది.

"చూశావా?" అన్నాడు వెటకారంగా.

"ఆగు. ఒళ్ళు కాగనీ."

కాగింది. పిల్ల బిగుసుకుపోయి, పక్కకి ఒరిగి కాళ్ళు తన్నుకోసాగింది. దాన్ని తీసి తడిగుడ్డ మీద పెట్టాను.

"ఇంకోటి పెట్టు," అన్నాడు. దానికీ అంతే. మూడోదాన్ని తనే పెట్టాడు. అదీ పడిపోయాక తనే తీసి తడిగుడ్డ మీద పడుకోబెట్టాడు.

"బాబుకి పాత సిరప్ నిన్నటితో ఆపేసి, సీసా కూడా పారేశాం వదినా."

"ఓరి నీ దుంప తెగ! ఫోన్ చెయ్యి ఇంటికి!"

చేశాడు. చెల్లెలి గొంతు నాకూ వినబడింది. "పొద్దున్న బాబు ఒళ్ళు వెచ్చబడిందండీ. కొత్త మందు వేశాను, ఇట్టే చల్లబడింది. ఎంత బాగా పనిచేస్తోందో ఆ మహాతల్లికి చెప్పండి!"

అంటే లోపల జ్వరం రాజుకుంటోందన్నమాట. మందు ప్రభావం తగ్గగానే ఒళ్ళు కాగుతుంది, కాగితే ఆపే సిరప్ ఒంట్లో లేదు. వెంటనే వాళ్ళింటికి బయల్దేరాం. దారిలోనే పిల్లల డాక్టరుకి ఫోన్ చేశాను. ముందు సిరప్ తాగించి, వెంటనే బాబుని తీసుకురమ్మన్నారు. దుకాణంలో సీసా కొని ఇద్దరం పరుగెత్తాం.

తలుపు తీసి చెల్లెలు అడ్డంగా నిలబడింది. "గడప తొక్కద్దన్నానా?"

"తొక్కను. ముందు ఈ పాత సిరప్ తాగించు. డాక్టరు చెప్పారు. ఆ తర్వాత ఓపికున్నంతసేపు తిట్టు."

నా వెనకున్న మొగుడి వైపు చూసింది. అతను తలెత్తలేదు.

"నాదే తప్పు. తాగించు," అన్నాడు.

చెల్లెలు సీసా లాక్కుని మా ఇద్దరి మొహాన తలుపు వేసింది. అక్కడే నిలబడ్డాం. కాసేపటికి లోపల్నుంచి చెంచా చప్పుడు, వెనకే చేదు చేదంటూ బాబు ఏడుపు వినబడ్డాయి. ఏడుస్తున్నాడంటే స్పృహలోనే ఉన్నాడు.

మరిది నావైపు తిరిగి ఏదో అనబోయాడు.

"నోర్ముయ్," అన్నాను. "వాడి ఏడుపు విననీ."